నాయన పొట్ట మీద వీధి పెత్తనం

మనిషి లావుగా ఉంటే ఊరికి ఏం పనో నాకు ఇప్పటికీ అర్థం కాదు. కాలు వంకరగా ఉన్నవాడు ఎదురైతే నవ్వడానికి కాస్త జంకుతారు. చెవిటివాడైతే వాడు అటు తిరిగేదాకా ఆగి నవ్వుతారు. లావుపాటి మనిషి విషయంలో ఆ పాటి మర్యాద కూడా అక్కర్లేదు. ముక్కూ మొహం తెలియనివాడు కూడా వచ్చి పొట్ట మీద తట్టి, ఎన్నో నెల అని అడగొచ్చు. అడిగించుకున్నవాడు నవ్వాలి. నవ్వకపోతే ఒంటితో పాటు పొగరు కూడా ఉందంటారు.

చిత్తూరులో మా వీధి జనం మా నాయన పొట్టను ఉమ్మడి సొత్తులాగా వాడుకున్నారు. అవసరం ఉన్నన్నాళ్ళు ముందు కూర్చోబెట్టి ప్రదర్శించారు. అవసరం తీరాక అదే పొట్టను చూపించి దొంగ అన్నారు. ఆ వీధిలో పెద్దమనుషులుగా చలామణి అయినవాళ్ళలో ఒక్కరి మీద కూడా నాకు గౌరవం మిగల్లేదు. అందరూ పోయారు కదా, ఇప్పుడెందుకు అంటాడు మా తమ్ముడు. పోయినంత మాత్రాన మంచివాళ్ళు అయిపోతారా అంటాను నేను.

నాయన బెల్లం మండీలో గుమాస్తా. పొద్దున్నే వెళ్ళి, పల్లెల నుంచి బండ్ల మీద వచ్చే బెల్లాన్ని తూకం వేయించి లెక్క రాయడం ఆయన పని. రోజంతా బెల్లం మధ్య కూర్చుంటాడు కాబట్టి రోజంతా బెల్లం తింటాడని జనం నమ్మకం. నిజానికి ఆ వాసనకు ఆయనకు కడుపులో తిప్పేది. పండగ రోజు అమ్మ పాయసం చేస్తే వేలు ముంచి నాలుక మీద రాసుకుని, గిన్నె మా వైపు జరిపేవాడు.

ఆ ఒళ్ళు పుట్టుకతో వచ్చింది. వాళ్ళ అమ్మ, అంటే మా అవ్వ, ఇంకా లావు. గుమ్మం దాటాలంటే పక్కకు తిరిగి దాటేది. తిండి చూస్తే మా ఇంట్లో అందరికీ ఒకటే. పొద్దున సద్ది, మధ్యాహ్నం రాగి సంగటి, రాత్రికి మిగిలితే అదే, మిగలకపోతే మజ్జిగ. అమ్మ చెయ్యి తడి చేసుకుని సంగటి ముద్దలు కట్టేది. నాయన ముద్దకూ పక్కింటి మగవాళ్ళ ముద్దకూ తేడా ఉండేది కాదు. పక్కనే ఊరిబిండి పచ్చడో, చింతాకు పులుసో. ఆ తిండితోనే పక్కింటాయన వెదురు కట్టెలా ఉండేవాడు, మా నాయన ఇంత మనిషి అయ్యాడు. ఎందుకలా అంటే ఇప్పటి డాక్టర్లు ఏవేవో కారణాలు చెబుతారు. అప్పుడు మా వీధికి తెలిసిన కారణం ఒక్కటే, తింటాడు కాబట్టి.

అయితే మొదట్లో వాళ్ళు ఆ మాట మెచ్చుకోలుగా అనేవారు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు మా వాళ్ళలో మగవాడికి పొట్ట ఉండటమంటే పొలం ఉన్నట్టే లెక్క. అందుకే ఒక అలవాటు ఉండేది. పిల్లను చూడటానికి వెళ్ళేటప్పుడు వెంట ఒక నిండైన మనిషిని తీసుకెళ్ళేవారు. పెళ్ళికొడుకు తండ్రి బక్కగా, మేనమామ బక్కగా, వెనక వచ్చినవాళ్ళంతా గాలికి కొట్టుకుపోయేలా ఉంటే పిల్లనిచ్చేవాళ్ళు వెనకాడతారు కదా. అందుకని మా నాయన. ఎవరింట్లో సంబంధం మాటలు మొదలైనా ముందు రోజు సాయంత్రం మా ఇంటి ముందు చెప్పుల చప్పుడు వినిపించేది.

"అన్నా, రేపు పుత్తూరు పక్కకు పోతాండాం. నువ్వు రావల్ల" అనేవారు. మళ్ళీ కొంచెం ఆగి, "జరీ ఉత్తరీయం మేమే తెస్తాం" అనేవారు.

ఆడవాళ్ళ లావుకు ఆ యోగం లేదు. మా అవ్వను ఏ పెళ్ళిచూపులకూ ఎవరూ పిలవలేదు. ఆడమనిషి లావుగా కనిపిస్తే, ఆ ఇంట్లో కోడలికి ఏమీ మిగలదని పిల్ల తరఫువాళ్ళు అనుకుంటారట. మగవాడి పొట్ట ఆస్తి, ఆడదాని పొట్ట తిండిపోతుతనం. అవ్వ ఒకసారి మొక్కు తీర్చుకోవడానికి తిరుపతి వెళ్ళింది. కొండ కింద డోలీ మోసేవాళ్ళు ఆమెను పైనుంచి కిందికి చూసి, ఒకరి మొహాలు ఒకరు చూసుకుని, "ఈయమ్మకు మనుసులు సాలరు, ఎద్దులు కావల్ల" అన్నారట. వెంట వెళ్ళిన మా బంధువులు డోలీవాళ్ళ కంటే ఎక్కువ నవ్వారు. అవ్వ అక్కడే నిలబడి కొండకు దండం పెట్టుకుని తిరిగి వచ్చేసింది. ఆ కథను మా బంధువులు ప్రతి పెళ్ళిలోనూ చెప్పుకున్నారు, అవ్వ వింటుండగానే.

నాయనను వెంట తీసుకెళ్ళిన పెళ్ళిచూపుల్లో ఒకటి నాకు బాగా గుర్తుంది. మా ఎదురింటాయన కొడుకుకు సంబంధం. పుత్తూరు దగ్గర పల్లె. నన్ను కూడా బండిలో ఎక్కించుకున్నారు. అక్కడ చాప మీద నాయనను మధ్యలో కూర్చోబెట్టి, ఎదురింటాయన పక్కన ఒదిగి కూర్చున్నాడు. పిల్ల తండ్రి అన్ని మాటలూ ఎదురింటాయనతోనే మాట్లాడాడు గానీ చూపు మాత్రం నాయన పొట్ట మీదే ఉంది. సంతకు వెళ్ళినవాడు ఎద్దును చూసినట్టు చూశాడు.

"ఈయన మీకేమవుతాడు?" అని అడిగాడు చివరికి.

"మాకందరికీ అన్న వరస. మా పెద్దదిక్కు" అన్నాడు ఎదురింటాయన.

"ఇట్లాంటి పెద్దదిక్కు ఉండే ఇంటికి పిల్లనిస్తే కూటికి కరువుండదులే" అన్నాడు పిల్ల తండ్రి. నాయన చిరునవ్వు నవ్వాడు. ఆయన చెయ్యాల్సిన పని అంతే.

భోజనాల దగ్గర అసలు కష్టం. నాయన చాలు అని చెయ్యి అడ్డం పెడితే ఎదురింటాయన ఆ చెయ్యి పక్కకు తీసి చెవిలో, "తినన్నా, నువ్వు తింటేనే మాకు మర్యాద" అన్నాడు. నాయన తిన్నాడు. వచ్చేటప్పుడు బండిలో పక్కకు వాలి పడుకుని మూలుగుతూనే ఉన్నాడు. ఇంటికి వచ్చాక అమ్మ వాము నీళ్ళు కాచి ఇచ్చింది. సంబంధం కుదిరింది. ఆ పిల్ల కాపరానికి వచ్చి, ఎదురింట్లో రాత్రిపూట గంజే తాగుతారని తెలుసుకుంది. మా నాయనను చూసినప్పుడల్లా ఆ అమ్మాయి మొహం పక్కకు తిప్పుకునేది. పాపం, ఆమెను నేనేమీ అనను.

అమ్మకు ఈ ఊరేగింపులంటే ఒళ్ళు మండేది. "వాళ్ళు పిలిసేది నిన్ను కాదు. నీ పొట్టను పిలస్తాండారు" అనేది.

"పొట్టను పిలిస్తే నేనూ పోవల్ల కదమే. దాన్నొక్కదాన్నే యాడ పంపేది?" అనేవాడు నాయన.

ఆయనకు అది ఇష్టంగానే ఉండేది, దాచడమెందుకు. మండీలో రోజంతా ఎవరో ఒకరి చేత కేకలు తినే మనిషి. ఎప్పుడో ఒకసారి చాప మధ్యలో కూర్చుని, నలుగురూ తన వైపు చూస్తుంటే ఆ మాత్రం సంతోషం కలగదా. ఆ సంతోషాన్ని కూడా వాళ్ళు ఆయనకు ఊరికే ఇవ్వలేదు.

తర్వాత యుద్ధం ముదిరింది. బర్మా బియ్యం రావడం ఆగిపోయింది. అదే సమయానికి మా వైపు వానలు కూడా మొహం చాటేశాయి. కంట్రోలు అంగళ్ళు వచ్చాయి. బియ్యం కోసం అంగడి ముందు వరసలో నిలబడటం, చేతికొచ్చేసరికి రాళ్ళూ నూకలూ కలిసిన బియ్యం, ఒక్కోసారి అదీ లేక వట్టి సంచితో ఇంటికి రావడం. వీధిలో అందరూ చిక్కిపోయారు. మేమూ చిక్కాం. నాయన మాత్రం చూపుకు ఆనేంతగా చిక్కలేదు. అప్పటిదాకా ఆస్తిగా కనిపించిన పొట్ట ఉన్నట్టుండి నేరంగా కనిపించింది.

మొదట వేళాకోళమే. వరసలో నాయన నిలబడితే, "నీకెందుకప్పా బియ్యం? నువ్వు ఆర్నెల్లు తినకపోయినా బతకతావు" అనేవారు. నాయన నవ్వేవాడు. ఆయన నవ్వుతాడని వాళ్ళకు తెలుసు. కొన్నాళ్ళకు వాళ్ళు నవ్వడం మానేశారు. వరసలో ఆయన ముందూ వెనకా ఉన్నవాళ్ళు కొంచెం ఎడంగా నిలబడటం మొదలుపెట్టారు. జరీ ఉత్తరీయం కప్పిన చేతులే ఆయనను వెనక్కి నెట్టాయి.

ఆ తర్వాత పాతర మాట పుట్టింది. పాతర అంటే నేల లోపల ధాన్యం దాచే గొయ్యి. మేం అద్దెకున్న ఇల్లు ఎప్పుడో ఒక సేద్యగాడు కట్టినది కాబట్టి అందులో పాతర ఉండి తీరాలని వీధి తీర్మానించింది. ఎదురింటామె ఇంకో అడుగు ముందుకు వేసింది. తెల్లవారకముందే చీకటితో మా ఇంట్లో నుంచి వడ్లు దంచే చప్పుడు వినిపిస్తోందని బావి దగ్గర చెప్పింది. అది మా అమ్మ తిరగలిలో రాగులు విసిరే చప్పుడు. తిరగలి చప్పుడుకూ రోకలి చప్పుడుకూ తేడా తెలియని ఆడమనిషి చిత్తూరు జిల్లా మొత్తం వెతికినా దొరకదు. ఆమెకు తెలుసు. తెలిసే చెప్పింది.

ఎవరు వెళ్ళి చెవిన వేశారో గానీ, ఒక పగటిపూట ధాన్యం తనిఖీ చేసే ఆఫీసరు మా ఇంటికి వచ్చాడు. వెంట గడ్డపారలతో మనుషులు. వంటింట్లో పొయ్యి పక్కన తవ్వారు. పడుకునే గదిలో తవ్వారు. పెరట్లో తవ్వారు. వీధి వీధంతా తిరునాళ్ళకు వచ్చినట్టు వచ్చింది. మగవాళ్ళు గోడ ఎక్కి చూశారు. ఆడవాళ్ళు పిల్లల్ని చంకన పెట్టుకుని గుమ్మం దాకా వచ్చేశారు. అమ్మ మా ఇద్దర్నీ ఒళ్ళోకి లాక్కుని ఒక మూల కూర్చుంది. దొరికింది కుండలో రాగులు, బుట్టలో చింతపండు, గుడ్డలో మూటగట్టిన ఉలవలు.

ఆఫీసరు చేతులు దులుపుకుని నాయన ఎదురుగా నిలబడ్డాడు. "ఏమీ లేదు, సరే. మరి ఈ ఒళ్ళు ఎక్కడిదయ్యా?" అన్నాడు.

"మాయమ్మ ఇచ్చింది సామీ" అన్నాడు నాయన.

ఆయన హాస్యానికి అనలేదు. ఉన్న మాట చెప్పాడు. అయినా గోడ మీద ఉన్నవాళ్ళంతా పగలబడి నవ్వారు. ఆఫీసరు కూడా నవ్వి వెళ్ళిపోయాడు. తవ్విన గోతులు పూడ్చడానికి ఒక్కడూ చెయ్యి వెయ్యలేదు. అమ్మ, నేను, తమ్ముడు చీకటి పడేదాకా మట్టి ఎత్తిపోశాం.

వెతికితే దొరకలేదు కాబట్టి లేదు అనుకోవడం మామూలు మనుషులు చేసే పని. మా వీధి మేధావులు అలా అనుకోలేదు. ఆఫీసరుకే దొరక్కుండా దాచాడంటే ఎంత గట్టివాడో అనుకున్నారు. దొరికి ఉంటే ఒక్క పాతరతో పోయేది. దొరకనందువల్ల పాతరలు పెరిగాయి. ఒకటి నాయన అత్తగారి ఊళ్ళో, అంటే అమ్మ పుట్టింట్లో అన్నారు. ఇంకోటి మండీ వెనక అన్నారు.

మండీ వెనక బియ్యం నిజంగానే ఉన్నాయి. అవి మా నాయనవి కావు, మండీ యజమానివి. ఆయనను అందరూ ముదలాళి అనేవారు. ఆయన గోదాములో బెల్లం మూటల వెనక బియ్యం మూటలు ఉన్నాయని బండి ఎద్దులకు కూడా తెలుసు. కానీ ముదలాళి ఎండుచేప లాంటి మనిషి. చొక్కా లేకుండా కూర్చుంటే పక్కటెముకలన్నీ కనిపించేవి. అందువల్ల ఆయన మీద ఎవరికీ అనుమానం రాలేదు. ఆయన్ను చూసి, "పాపం, అంత ఆస్తి ఉండి కూడా ఒక పూటే తింటాడంట" అని జాలిపడేవారు. దొంగతనం కూడా ఒంటి మీద కనిపించాలని మా వాళ్ళ శాస్త్రం.

తనిఖీ జరిగిన మర్నాడు ముదలాళి నాయనను పిలిపించాడు. జరిగింది నాయన ఇంటికి వచ్చి చెబితే విన్నాను.

"నీ మీద నాకు అనుమానం లేదప్పా" అన్నాడట ముదలాళి. "అయితే నిన్ను సూస్తే ఆఫీసర్లకు అనుమానమొస్తాది. నీ ఎనకాలే మండీలోకి వస్తారు. ఊరు నమ్మినాక రా. నీ తావు నీకే ఉంటాది."

ఊరు నమ్మాలి. నాయన మళ్ళీ పనిలోకి వెళ్ళాలంటే, మా కుండలో రాగులు ఉండాలంటే, ఆయన కూడా వాళ్ళు తినేదే తింటున్నాడని మా వీధి నమ్మాలి. నాయన రెండు పూటలు మూలన కూర్చుని ఆలోచించాడు. తర్వాత ఆయన చేసిన పని మా వైపు ఎవరూ చేసి ఉండరు.

మా వైపు తినేటప్పుడు తలుపు వేసుకుంటారు. ఎంత పేదవాడైనా సరే. కూటి మీద పరాయి కన్ను పడితే దిష్టి తగిలి అరగదని, ఇంట్లో ఉన్నదీ లేనిదీ బయటపడుతుందని. ఎవరైనా పొరపాటున మనం తింటుండగా గుమ్మంలోకి వస్తే నాలుక కరుచుకుని వెనక్కి వెళతారు. అలాంటి చోట నాయన మధ్యాహ్నం పూట కంచం తీసుకుని వెళ్ళి, వీధి వైపు ఉన్న తిన్నె మీద కూర్చున్నాడు.

అమ్మ గుమ్మంలో అడ్డం నిలబడింది. "ఏం పని ఇది? బిచ్చగాళ్ళు గూడా సాటుకు పోయి తింటారు. మానం పోతాది" అంది.

"పొట్ట ఎట్లాగూ కనిపిస్తాండాది. దాంట్లోకి ఏం పోతాందో అదీ కనిపించనీ" అన్నాడు నాయన.

అమ్మ వడ్డించింది. సంగటి ముద్ద, పక్కన కారం. మొదటి రోజు వీధికి సిగ్గేసింది. అప్పటిదాకా తిన్నెల మీద కబుర్లాడుతున్నవాళ్ళు లేచి లోపలికి వెళ్ళారు. తలుపు సందుల్లో నుంచి చూశారు. రెండో రోజు తలుపులు తెరుచుకున్నాయి. తర్వాత మొహమాటం మొత్తం పోయింది. నాయన తినే వేళకు జనం వచ్చి ఎదురుగా నిలబడేవారు. ఎదురింటాయన దగ్గరికి వచ్చి వంగి, కంచంలోకి చూశాడు.

"సంగటి లోపల నెయ్యేమన్నా పెట్టినావా వదినా?" అని అమ్మను అడిగాడు.

నాయన ముద్దను రెండుగా విరిచి, లోపలి భాగం ఆయన వైపు తిప్పి చూపించాడు. ఎదురింటాయన తలాడించి వెనక్కి వెళ్ళాడు. వీళ్ళకోసమా మా నాయన వాము నీళ్ళు తాగి మూలిగింది అని ఇప్పుడు తలుచుకున్నా నాకు రక్తం ఉడుకుతుంది.

ఆ తర్వాత సలహాలు. బియ్యానికి కంట్రోలు ఉంది గానీ సలహాలకు లేదు. పొద్దున్నే ఉలవలు ఉడికించిన నీళ్ళు తాగమన్నారు. ఆముదం తాగమన్నారు. తిరుపతి కొండ మోకాళ్ళ మీద ఎక్కితే కరిగిపోతుందన్నారు. నిద్ర ఎక్కువైతే అట్లా అవుతుందని ఒకరు, నీళ్ళు ఎక్కువ తాగితే అని ఒకరు, సుఖం ఎక్కువైతే అని ఇంకొకరు. ఉద్యోగం పోయి, పిల్లలు ఆకలికి ఏడుస్తున్న మనిషి సుఖం గురించి వాళ్ళు ఎదురుగా నిలబడి చర్చించారు. నాయన ప్రతి మాటకూ "అట్లేలే" అంటూ తలూపేవాడు. వినకపోతే నమ్మరని ఆయన భయం.

ఇంత చేసినా వాళ్ళు నమ్మింది లేదు. బయట ఇది తిని లోపలికి పోయి అసలు తిండి తింటాడన్నారు. ఆ మాట చెవిన పడిన రోజు నుంచి నాయన ఇంట్లోకి రావడం మానేశాడు. పడక తిన్నె మీదే. స్నానం వీధి బావి దగ్గర. బట్టలు కావాలంటే మేం అందించేవాళ్ళం. తన ఇంటి గడప దాటి లోపలికి వస్తే దొంగ అవుతానని భయపడే స్థితికి ఒక మనిషిని తెచ్చారు. అదే సమయానికి చలిగాలితో ముసురు పట్టింది. ఆయన గోనెసంచి కప్పుకుని గోడకు ఆనుకుని కూర్చునేవాడు. జల్లు తిన్నె మీదికి కొట్టేది. తమ్ముడు వెళ్ళి పక్కన కూర్చుంటే, "లోపలికి పో నాయనా, తడుస్తావు" అనేవాడు.

అమ్మ వీధి మీద పడి పోట్లాడింది. బావి దగ్గర ఎదురింటామెను నిలదీసింది. "నా మొగుడు తినేది నా చేతి కూడు. నేను పెట్టేది నాకు తెలీదా?" అంది. ఎదురింటామె బిందె నడుము మీద సర్దుకుంటూ, "నువ్వు పెట్టేది నీకు తెలుసులేమ్మా. నువ్వు పెట్టనిది ఎవరికి తెలుసు? మధ్యాన్నం పూట యాడికి పోతాండాడో ఎప్పుడన్నా అడిగినావా?" అంది.

నాయన మధ్యాహ్నం తిన్నాక వెళ్ళేది పని కోసం. బజారులో ఉన్న మండీలన్నీ తిరిగి, ఎవరికైనా లెక్కలు రాయించుకునే అవసరం ఉందేమోనని అడిగేవాడు. ఎక్కడికి వెళ్ళినా ఆయన కంటే ముందు ఆయన పొట్ట కథ వెళ్ళి ఉండేది. సాయంత్రానికి తిరిగి వచ్చి తిన్నె మీద కూర్చునేవాడు. ఆయన మొహం పీక్కుపోయింది. చేతుల చర్మం వదులై వేలాడింది. కళ్ళ కింద నల్లబడింది. అవేవీ ఎవరూ చూడలేదు. చూసేవాళ్ళందరి కళ్ళూ పొట్ట మీదే, అది మాత్రం కరగలేదు. కావాలని కరగనట్టు వాళ్ళకు దాని మీద కోపం కూడా వచ్చింది.

ఇంట్లో అమ్మ సగమైంది. మాకు పెట్టి, నాయనకు పెట్టి, సంగటి కుండ కడిగిన నీళ్ళలో ఉప్పు వేసుకుని తాగేది. జాకెట్టు భుజాల దగ్గర జారిపోయేది. తమ్ముడికి మోకాళ్ళు తప్ప కాళ్ళు కనిపించేవి కావు. అమ్మ వాడి కాళ్ళ వైపు చూసేది, వెళ్ళి గుమ్మంలో నుంచి నాయన వైపు చూసేది. అప్పుడు నాకు అది అర్థం కాలేదు.

మేం చిత్తూరు వదిలి పలమనేరు వెళ్ళిపోయింది వీధి మాటలకు తట్టుకోలేక అని బంధువులు అనుకుంటారు. వీధి మాటలకు నాయన అప్పటికే అలవాటుపడ్డాడు. ముదలాళి ఆయన తావులో ఎప్పుడో ఇంకొకరిని కూర్చోబెట్టుకున్నాడు, బక్కపలచటి మనిషిని. పలమనేరులో చింతపండు వ్యాపారి ఒకాయన దగ్గర నాయనకు లెక్కలు రాసే పని దొరికింది. అక్కడ కూడా ఆయన అంతే లావుగా ఉన్నాడు, అంతే తిన్నాడు, ఎవరింటి పెళ్ళిచూపులకు పిలిచినా వెళ్ళలేదు. ఊరు మారడానికి కారణం మాత్రం ఒక సాయంత్రం జరిగిన సంగతి. అది మా నలుగురికి తప్ప ఎవరికీ తెలియదు.

ఆ రోజు ముసురు కాస్త తెరిపిచ్చింది. జనం మళ్ళీ తిన్నెల మీదికి చేరారు. నాయన బజారంతా తిరిగి వచ్చి కాళ్ళు కడుక్కుని కూర్చున్నాడు. అమ్మ కంచం తెచ్చి ముందు పెట్టింది. ఆయన వెంటనే తినడం మొదలుపెట్టాడు. ఆకలి మీద ఉన్నాడు, పులుసు నంజుకోకుండానే మింగుతున్నాడు. అమ్మ ఎప్పటిలా లోపలికి వచ్చెయ్యలేదు. గుమ్మం చెక్క పట్టుకుని నిలబడింది. నేను గడప లోపల ఆమె కొంగు వెనకే ఉన్నాను.

"ఒక మాట అడగతా. కోపం సేసుకోవద్దు" అంది అమ్మ, ఎదురింటికి వినపడనంత మెల్లగా.

"అడుగు" అన్నాడు నాయన.

"మధ్యాన్నం పోతాండావు కదా. యాడన్నా ఎవురన్నా పెడతాండారా?"

నాయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. అమ్మ గబగబా, "పెడితే పెట్టినారు. నేను తప్పనడం లే. పిల్లోళ్ళకు గూడా రవ్వంత తెచ్చింటే అని" అంది.

నాయన ఆమె మొహంలోకి చూశాడు. ఆఫీసరు గదులు తవ్వినప్పుడు కూడా ఆయన మొహం అట్లా కాలేదు. అమ్మ కళ్ళు కూడా ఆ క్షణంలో ఆయన పొట్ట మీదే ఉన్నాయి. ఆమెను తప్పు పట్టను. నా కసి అంతా వీధి మీదే. ఇన్నేళ్ళు కాపరం చేసిన మనిషి చేత కూడా ఆ మాట అడిగించేదాకా వాళ్ళు నిద్రపోలేదు.

"లేదుమే. ఎవురూ పెట్టలేదు" అన్నాడు నాయన.

కంచంలో సగం ముద్ద మిగిలే ఉంది. దాన్ని అమ్మ వైపు జరిపాడు. "పిల్లోళ్ళకు పెట్టు" అన్నాడు. చెంబులో నీళ్ళతో చెయ్యి కడుక్కున్నాడు. అమ్మ వద్దనలేదు, తినమని బతిమాలలేదు. కంచం తీసుకుని లోపలికి వచ్చి, ఆ సగాన్ని మళ్ళీ రెండు చేసి నాకూ తమ్ముడికీ పెట్టింది. మేం తింటుండగా ఎదురింటామె గొంతు వినిపించింది. ఆమె పెద్ద గొంతుతో కోడలికి చెబుతోంది.

"సూస్తివా, సంగటి సగం వదిలేసినాడు. ఆకలుంటే కదా."